చీకట్లో చూడటానికి ఏ స్మార్ట్‌వాచ్? పెట్టె మీద రాయని అంకె వెతకండి

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి టైమెంతయిందో చూద్దామని చెయ్యి తిప్పితే కళ్లలోకి టార్చి కొట్టినట్టుంటుంది. అదే వాచ్‌ని సాయంత్రం ఏడింటికి, ఇంకా లైటు వెయ్యని వరండాలో చూస్తే అంకెలు కనపడీ కనపడనట్టుంటాయి. రెండు ఫిర్యాదులూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ చాలాసార్లు మూలం ఒకటే. వాచ్ కొనేటప్పుడు అందరం చూసేది స్క్రీన్ ఎంత పైకి వెలగగలదని. మసక వెలుతురులో అక్కరకొచ్చేవి వేరే రెండు: ఎంత కిందికి దిగగలదు, ఎప్పుడు దిగాలో దానికెలా తెలుస్తుంది.

పెట్టె మీద 1000 నిట్స్, 2000 నిట్స్ అని పెద్దక్షరాలతో రాసేది గరిష్ఠం. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్టాపులో నిలబడ్డప్పుడు పనికొచ్చే లెక్క అది. నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం, చదరపు మీటరుకు ఒక క్యాండెలా. పోలికకు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం థియేటర్ తెర మీద తెలుపు 48 నిట్స్. అంటే మీ వాచ్ 100 నిట్స్‌లో వెలిగితే, మీరు చూస్తున్న బొమ్మ కన్నా రెట్టింపు వెలుగు మీ మణికట్టు మీద ఉన్నట్టు. పక్క సీటాయన విసుక్కోవడంలో న్యాయం ఉంది.

పడకగదిలో లైట్లన్నీ ఆర్పేశాక 1 నుంచి 5 నిట్స్ ఉంటే అంకెలు శుభ్రంగా కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు కింద 100కు అటూ ఇటూ కావాలి. కాబట్టి స్పెసిఫికేషన్లలో వెతకాల్సింది కనిష్ఠ బ్రైట్‌నెస్. చిక్కేమిటంటే చాలా కంపెనీలు దాన్ని అసలు రాయవు. రాసిన వాటిలో యాపిల్, గూగుల్ ఉన్నాయి. 2023లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 9, అల్ట్రా 2 రెండూ 1 నిట్ దాకా దిగుతాయి, ఆ తర్వాతి సిరీస్ 10 కూడా అంతే. 2024 నాటి పిక్సెల్ వాచ్ 3దీ అదే అంకె.

తెర రకమే సగం తేల్చేస్తుంది

అమోలెడ్‌లో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, నల్లగా ఉండాల్సినది పూర్తిగా ఆరిపోతుంది. చీకటి గదిలో నల్ల వాచ్ ఫేస్ పెడితే గాల్లో అంకెలు తేలుతున్నట్టు కనిపిస్తాయే తప్ప తెర అంచులు కూడా తెలియవు. రాత్రి వాడకానికి ఇంతకన్నా మంచి తెర ప్రస్తుతానికి లేదు. అయితే దీనికీ లోపాలున్నాయి, అవి బయటపడేది సరిగ్గా కింది స్థాయిల్లోనే. బ్రైట్‌నెస్ అట్టడుగుకు వెళ్లినప్పుడు బూడిదరంగు భాగాలు కొంచెం ఆకుపచ్చగానో గులాబీగానో తేలతాయి. ముదురు బూడిద అంకెలు నలుపులో కలిసిపోయి మాయమవుతాయి. మెనూ పైకీ కిందికీ జరుపుతుంటే అక్షరాల వెనక ఊదారంగు తోకలా సాగుతుంది. ఆరిన పిక్సెల్ మళ్లీ వెలగడానికి పట్టే క్షణకాలం వల్ల వచ్చేది అది, చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

ఇంకొకటి మినుకు. చాలా అమోలెడ్ తెరలు వెలుగు తగ్గించడానికి పిక్సెల్‌కు ఇచ్చే కరెంటును తగ్గించవు, సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. బ్రైట్‌నెస్ తగ్గే కొద్దీ ఆరి ఉండే సమయం పెరుగుతుంది. చీకట్లో చెయ్యి ఊపుతూ వాచ్ చూస్తే ఒక్క అంకె బదులు వరసగా మూడు నాలుగు అంకెలు కనిపించడానికి కారణం ఇదే. ఎక్కువమందికి ఏమీ తేడా తెలియదు. కొందరికి మాత్రం కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది.

టీఎఫ్‌టీ, ఐపీఎస్ అని రాసి ఉండే చవక వాచ్‌లు ఎల్‌సీడీ తెరలు. వీటిలో తెర వెనక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న పొర ఆ వెలుగును ఆపుతుంది. పూర్తిగా ఆపలేదు. కాంట్రాస్ట్, అంటే తెలుపు నలుపుల వెలుగు నిష్పత్తి, 1000:1 ఉన్న తెర 200 నిట్స్‌లో ఉంటే దాని నలుపు కూడా 0.2 నిట్స్‌తో వెలుగుతూ ఉంటుంది. పగలు ఇది కంటికి ఆనదు. రాత్రి మాత్రం తెరంతా బూడిదరంగు పలకలా కనిపిస్తుంది, ఒక మూల నుంచి వెలుగు కారుతున్నట్టూ ఉంటుంది. పైగా వెనక దీపాన్ని మరీ తగ్గిస్తే సరిగా వెలగదని తయారీదారు కింది హద్దును ఎక్కువలోనే ఆపేస్తాడు. సెట్టింగ్స్‌లో 1 నుంచి 5 స్థాయిలు చూపించి, 1 పెట్టినా కళ్లు చెదరడం అందుకే. ఎల్‌సీడీ వాచ్‌కు ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే (ఎప్పుడూ ఆరకుండా టైమ్ చూపించే తెర) ఉందని ప్రకటనలో కనిపిస్తే సంబరపడకండి. రాత్రంతా వెనక దీపం వెలుగుతూ ఉండటమే దాని అర్థం.

మూడో రకం గార్మిన్ వాచ్‌ల వల్ల పేరొచ్చిన మిప్ తెర. దీనికి సొంత వెలుగు లేదు. బయటి వెలుతురును వెనక్కి తిప్పి కొట్టి కాగితంలా కనిపిస్తుంది, ఎండ ఎంత ఎక్కువైతే అంత స్పష్టం. పూర్తి చీకట్లో బటన్ నొక్కితే వెనక దీపం వెలుగుతుంది, దాన్ని బాగా తక్కువకు దించుకోవచ్చు, కంటికి హాయిగానే ఉంటుంది. దీని అసలు బలహీనత చీకటి కాదు, సగం వెలుతురు. డిమ్ లైట్ల రెస్టారెంటు, తెల్లారగట్ల వీధి, కరెంటు పోయిన ఇల్లు. అక్కడ తిప్పి కొట్టడానికి సరిపడా వెలుతురు ఉండదు, దీపం వేసుకోవాలన్నంత చీకటీ ఉండదు. తెర బూడిదరంగు మీద బూడిదరంగులా ఉంటుంది. కొన్నవాళ్లు మొదటి వారంలోనే నిరాశపడేది ఇక్కడే.

ఈ మూడింటికీ బయట ఒక ముచ్చటైన ఉపాయం ఉంది. 2022లో వచ్చిన గార్మిన్ ఇన్‌స్టింక్ట్ క్రాసోవర్‌లో మిప్ తెర మీద నిజం ముళ్లు ఉంటాయి, వాటికి చీకట్లో వెలిగే పూత ఉంటుంది. మనం ఇప్పటికీ రేడియం ముల్లు అనే అంటాం గానీ ఆ పూతలో రేడియం ఉండదు, పగటి వెలుగును పీల్చుకుని రాత్రి వదిలే పదార్థం అది. బ్యాటరీ ఖర్చు లేకుండా, ఎవరి నిద్రా చెడకుండా టైమ్ తెలుస్తుంది.

సెన్సర్ ఉందా లేదా

తెర ఎంత కిందికి దిగగలిగినా, దిగమని చెప్పేవాడు ఉండాలి. ఆ పని చుట్టూ ఉన్న వెలుతురును కొలిచే యాంబియంట్ లైట్ సెన్సర్‌ది. రెండు మూడు వేల వాచ్‌లలో చాలావాటికి ఇది ఉండదు. కనిపెట్టడం తేలిక: ఈ ధర వాచ్‌ల బ్రైట్‌నెస్ సెట్టింగ్‌లో ఆటో అనే మాట లేకపోతే సెన్సర్ లేనట్టే. అప్పుడు పగలు పెంచడం, రాత్రి తగ్గించడం మీ చేతి పని. నాలుగు రోజులు చేస్తారు, అయిదో రోజు మర్చిపోతారు.

సెన్సర్ ఉన్న వాచ్‌లలోనూ తప్పులు జరుగుతాయి. అది కొలిచేది వాచ్ గాజు మీద పడే వెలుతురును, మీ కంటికి అందే వెలుతురును కాదు. ట్యూబ్‌లైటు మీ వెనక ఉండి మీ తల నీడ వాచ్ మీద పడితే గది చీకటిగా ఉందనుకుని అది వెలుగు తగ్గిస్తుంది. పొడుగు చేతుల చొక్కా, స్వెటర్ అంచు కిందికి జారినా అంతే. రాత్రి కారులో వెళ్తుంటే వీధి దీపాలు ఒక్కొక్కటే దాటుతుంటాయి, తెర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం మాత్రం స్క్రీన్ గార్డ్. చుట్టూ నల్ల అంచున్న టెంపర్డ్ గ్లాస్ సెన్సర్ మీదికి వస్తే, నట్టింట్లో పట్టపగలు కూడా వాచ్‌కు అర్ధరాత్రే. ఆటో పనిచెయ్యట్లేదని సర్వీసు సెంటరుకు వెళ్లే ముందు గార్డ్ తీసి చూడండి.

యాపిల్ వాచ్‌లో సెన్సర్‌ను ఆపే వీలు లేదు. డిస్‌ప్లే, బ్రైట్‌నెస్ సెట్టింగ్‌లో ఉండే మూడు మెట్లు ఆటో లెక్కను కొంచెం పైకో కిందికో జరుపుతాయంతే. శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్‌లో అడాప్టివ్ బ్రైట్‌నెస్‌ను ఆపేసి మీకు నచ్చినచోట నిలపొచ్చు. ఆటో తరచూ తప్పుతోందని విసిగిపోయేవాళ్లకు ఈ స్వేచ్ఛ విలువైనది. సెట్టింగ్స్ జోలికే వెళ్లని వాళ్లకు యాపిల్ పద్ధతే మేలు.

ఎవరికి ఏది

రాత్రి పదే పదే లేచేవాళ్లు, చంటిపిల్లల పక్కన పడుకునేవాళ్లు, స్లీపర్ బస్సులో ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు 1 నిట్‌కు దిగే అమోలెడ్ తీసుకోవాలి. ఐఫోన్ ఉంటే సిరీస్ 9 లేదా ఆ తర్వాతది. చవకైన ఎస్ఈ రెండో తరం వాచ్‌లో ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే లేదు, అంటే టైమ్ చూడాలంటే చెయ్యి తిప్పి తెరను పూర్తిగా లేపాల్సిందే. పగలు ఇది పెద్ద విషయం కాదు, రాత్రికి మాత్రం లోటే. యాపిల్ వాచ్ ఉన్నవాళ్లలోనూ చాలామందికి తెలియని సదుపాయం ఒకటుంది: వాచ్ పక్కనుండే గుండ్రటి మీట డిజిటల్ క్రౌన్‌ను మెల్లగా పైకి తిప్పితే తెర ఒక్కసారిగా భగ్గుమనకుండా కొంచెం కొంచెంగా వెలుగుతుంది. టైమ్ కనపడగానే ఆపెయ్యొచ్చు. సినిమా హాల్లో ముసుగు బొమ్మల గుర్తున్న థియేటర్ మోడ్ వేసి ఈ పద్ధతిలో చూసుకుంటే పక్కవాళ్లకు తెలియనే తెలియదు.

ఆండ్రాయిడ్ వాళ్లకు పిక్సెల్ వాచ్ 3 లేదా గెలాక్సీ వాచ్ 7. రెండింటి గరిష్ఠం 2000 నిట్సే కాబట్టి ఎండలో తేడా లేదు. కనిష్ఠాన్ని గూగుల్ అంకెతో చెప్పింది. శామ్‌సంగ్‌లో చేతితో సరిచేసుకునే వీలు, స్లీప్ మోడ్‌లో ఆల్వేస్ ఆన్‌నూ చెయ్యి తిప్పితే వెలగడాన్నీ ఒకేసారి ఆపే సౌకర్యం ఉన్నాయి. నిద్ర పాడవకూడదన్నది మీ ముఖ్యమైన బాధ అయితే ఆ మోడ్‌ను సమయానికి తనంతట తానే వచ్చేలా పెట్టుకోండి. 3000 నిట్స్ ఉందని గెలాక్సీ వాచ్ అల్ట్రాకు ఎక్కువ డబ్బు పెట్టడం రాత్రి వాడకానికి దండగ. దాని నైట్ మోడ్ ఫేస్ చీకట్లో ఎర్రగా మారుతుంది, అది కావాలంటే వేరే సంగతి.

తెల్లవారుజామున నాలుగున్నరకే కేబీఆర్ పార్కు చుట్టూనో ఆర్కే బీచ్‌లోనో పరుగు మొదలుపెట్టేవాళ్ల విషయం తూకం వేసి చూడాలి. గార్మిన్ ఫోర్‌రన్నర్ 255, 265 ఇందుకు చక్కటి జంట. అన్నదమ్ముల్లాంటివి, ముఖ్యమైన తేడా తెరే. 255లో 260 బై 260 పిక్సెళ్ల మిప్ తెర, 64 రంగులు. 265లో 416 బై 416 అమోలెడ్. కంపెనీ లెక్కలో జీపీఎస్ పెట్టుకుని 255 మోడల్ 30 గంటలు నడిస్తే 265 మోడల్ 20 గంటలు నడుస్తుంది. చీకట్లో మొదలుపెట్టి వెలుతురొచ్చేలోపు ముగించే గంట పరుగుకు 265 మేలు. పరిగెడుతూ ఒక్క చూపులో అంకె అందుతుంది. ఎండెక్కాక కూడా పరిగెత్తేవాళ్లు, మారథాన్ పైబడి దూరాలు వెళ్లేవాళ్లు 255 తీసుకుని, చెయ్యి తిప్పితే దీపం వెలిగే సెట్టింగ్‌ను పరుగులో మాత్రం ఆన్ చేసుకుంటే సరి. సూర్యాస్తమయం తర్వాతే వెలిగేలా పెట్టుకునే వీలు చాలా గార్మిన్‌లలో ఉంది, బ్యాటరీ ఆదా అవుతుంది.

నక్షత్రాలు చూసేవాళ్లు, రాత్రి ట్రెక్కింగ్ చేసేవాళ్లు, పొలాల గట్ల మీద నడిచేవాళ్ల అవసరం వేరు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి మెరుపు ఆ కష్టమంతా చెరిపేస్తుంది. చీకట్లో పనిచేసే కంటి కణాలకు ముదురు ఎరుపు దాదాపు ఆనదు. కాబట్టి తెరంతా ఎర్రగా మారే వాచ్ చూసుకోవాలి. గార్మిన్ ఎపిక్స్ ప్రో, ఫీనిక్స్ 8 అమోలెడ్‌లలో రెడ్ షిఫ్ట్ అనే మోడ్ ఉంది, ఏ మెనూలోకి వెళ్లినా ఎరుపే. యాపిల్ అల్ట్రాలో అయితే వేఫైండర్ వంటి కొన్ని ఫేస్‌లు మాత్రమే ఎర్రబడతాయి, యాప్ తెరవగానే మామూలు రంగులు వచ్చేస్తాయి. ఫీనిక్స్ 7ఎక్స్‌కు పక్కన చిన్న టార్చి కూడా ఉంది, అందులో ఎర్ర దీపం వేరుగా ఉంటుంది. పాము పుట్రా ఉన్న దారిలో మాత్రం తెల్ల టార్చే వాడండి, చీకటి చూపు సంగతి తర్వాత.

నలభై అయిదు దాటినవాళ్లకు బ్రైట్‌నెస్ గురించిన ఏ సలహా అయినా సగమే పనిచేస్తుంది. మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది, దాంతో దగ్గరివి ఇంకా అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఎండలో కళ్లజోడు లేకుండానే చదవగలిగిన అంకె రాత్రి అందకపోవడానికి కారణం ఇది. తెర వెలుగు పెంచితే కొంత సర్దుకుంటుంది, కానీ అంకె మందం పెంచితే ఎక్కువ లాభం. అమ్మానాన్నలకు కొంటుంటే 1.9 అంగుళాల చవక ఎల్‌సీడీ కన్నా 1.4 అంగుళాల అమోలెడ్ మీద తెరంతా నిండే లావు అంకెల ఫేస్ పెట్టివ్వండి. సన్నటి ముళ్లు, చుట్టూ అడుగుల లెక్క, వాతావరణం, గుండె వేగం ఇరికించిన అందమైన ఫేస్‌లు వాళ్లకు రాత్రి ఎందుకూ పనికిరావు.

బడ్జెట్ మూడు వేలే అయితే సెన్సర్ ఉన్న ఎల్‌సీడీ, సెన్సర్ లేని అమోలెడ్ మధ్య ఎంచుకోవాల్సి రావచ్చు. కళ్లు మూసుకుని అమోలెడ్ తీసుకోండి. సెన్సర్ లేని లోటును నల్ల ఫేస్‌తో పూడ్చుకోవచ్చు, బూడిదరంగు పలకను ఏ సెట్టింగూ నల్లగా మార్చలేదు. కంపెనీ యాప్‌లో చెయ్యి తిప్పితే వెలగడానికి వేళలు పెట్టే వీలుందా అన్నది కూడా కొనే ముందే కనుక్కోండి.

షాపులో అయిదు నిమిషాలు

షోరూమ్ దీపాల కింద ప్రతి వాచ్ బాగానే కనిపిస్తుంది. డెమో పీసులను సాధారణంగా గరిష్ఠ బ్రైట్‌నెస్‌లో ఉంచుతారు, ముందు దాన్ని అట్టడుగుకు దించమనండి. తర్వాత నల్ల ఫేస్ పెట్టి, రెండు అరచేతులతో గూడులా మూసి ఒక కంటితో లోపలికి చూడండి. నలుపు చుట్టుపక్కల చీకటిలో కలిసిపోతే అమోలెడ్, విడిగా తేలితే ఎల్‌సీడీ. అమ్మేవాడు ఏం చెప్పినా ఈ పరీక్ష అబద్ధం చెప్పదు.

ఆటో ఆన్ చేసి అదే గూడులో పది సెకన్లు ఉంచండి. వెలుగు మెట్లు మెట్లుగా దబ్బున పడుతోందా, మెల్లగా దిగుతోందా గమనించండి. చెయ్యి తీసేయగానే ఎన్ని సెకన్లకు తిరిగి పెరుగుతుందో కూడా చూడాలి. అయిదు సెకన్లు దాటితే రోజూ చిరాకే. ముదురు రంగుల మెనూ ఒకటి తెరిచి, కనిష్ఠంలో బూడిద అక్షరాలు చదవగలుగుతున్నారా అని సరిచూడండి.

మినుకు పరీక్షకు మీ ఫోన్ చాలు. కెమెరాలో ప్రో మోడ్ తెరిచి షట్టర్ 1/1000 సెకనుకు పెట్టి, కనిష్ఠంలో ఉన్న వాచ్ తెర వైపు తిప్పండి. తెర మీద నల్లటి అడ్డపట్టీలు పరుగులు తీస్తే మినుకు ఉన్నట్టు. పట్టీలు ఎంత వెడల్పుగా, ఎంత నల్లగా ఉంటే మినుకు అంత గట్టిది. మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈ పరీక్ష మానొద్దు. ఎల్‌సీడీ అయితే మినుకు ఉండదన్న నమ్మకం కూడా వద్దు, దాని వెనక దీపాన్నీ ఇలాగే ఆర్పి వెలిగించే చవక మోడళ్లు ఉన్నాయి.

ఉన్న వాచ్‌తోనే తీరుతుందేమో

కొత్తది కొనే ముందు ఒక సాయంత్రం వెచ్చించండి. మరీ మసకగా ఉంటే వరసగా చూడాల్సినవి: బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉండిపోయిందా, స్లీప్ మోడ్ వేళ సాయంత్రమే మొదలవుతోందా, గార్డ్ అంచు సెన్సర్‌ను మూస్తోందా. మ్యాట్ గార్డ్ అయితే పక్కనుంచి వచ్చే వెలుగును చెదరగొట్టి తెరను మంచు పట్టినట్టు చేస్తుంది, ప్రైవసీ గార్డ్ నేరుగా వచ్చే వెలుగునే కొంత మింగేస్తుంది. రెండింటినీ వాచ్ మీద వెయ్యకపోవడమే మంచిది. మీరు చూస్తున్నది ఆల్వేస్ ఆన్ తెర అయితే అది తక్కువ వెలుగులో ఉండటం సహజం, ఒకసారి తాకి పూర్తి తెరను చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

మరీ ఎక్కువగా ఉంటే మొదట ఫేస్ మార్చండి. గదిలోకి చిమ్మే వెలుగు తెరలో ఎంత భాగం వెలుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. తెల్ల ఫేస్ తీసి నల్ల మీద నారింజ అంకెలు పెడితే బ్రైట్‌నెస్ ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది. తర్వాత చెయ్యి తిప్పితే వెలగడాన్ని రాత్రి వేళకు ఆపి, తాకితేనే వెలిగేలా పెట్టండి. నిద్రలో పక్కకు పొర్లినప్పుడల్లా గది వెలగడం ఆగుతుంది. వాచ్ కింది నుంచి ఆకుపచ్చ వెలుగు తొంగి చూస్తుంటే అది తెరది కాదు, గుండె వేగం కొలిచే సెన్సర్‌ది. పట్టీ ఒక రంధ్రం బిగిస్తే కనపడదు, కొలతా మెరుగవుతుంది.

కొత్తది కొంటే మాత్రం మొదటి రాత్రే పడకగదిలో పై పరీక్షలన్నీ మళ్లీ చెయ్యండి. అంతవరకు గార్డ్ అతికించొద్దు, పెట్టె పారెయ్యొద్దు. ఆన్‌లైన్‌లో కొన్న వాచ్‌లకు మార్చుకునే గడువు సాధారణంగా కొద్ది రోజులే. తెర రాత్రి ఎలా ఉందన్నది ఆ గడువు దాటాక గమనిస్తే, వారంటీ కింద దాన్ని లోపంగా ఒప్పించడం చాలా కష్టం.